తీగ మీది చీటీలు, మొదటి పది

మాదాపూర్‌లో ఆ గుండ్రటి అద్దాల భవనం తెరిచిన కొత్తలో, అందులోని ఒక చిన్న కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్లాను. అప్పటికి నా దగ్గర ఉన్నవి మూడు: మెకానికల్ డిప్లొమా, ఆరు నెలల వెబ్ కోర్సు సర్టిఫికెట్, నేను తయారుచేసిన నాలుగు వెబ్ పేజీలున్న ఒక ఫ్లాపీ. ఇంటర్వ్యూ చేసినాయన ఫ్లాపీ పెట్టి పేజీలన్నీ ఓపిగ్గా చూశాడు. రంగులు బాగున్నాయన్నాడు. తర్వాత ఒకే ప్రశ్న అడిగాడు.

"దీని అడ్రస్ తెలియనివాడు దీన్ని ఎలా చేరుకుంటాడు?"

నాకు జవాబు తెలియలేదు. ఉద్యోగమూ రాలేదు. కానీ బయట బండరాళ్ల మధ్య రోడ్డు మీద బస్సు కోసం నిలబడినప్పుడు నాలో దిగులు లేదు. ఎవరో మంచి లెక్క ఇచ్చి పంపినట్టుంది. బస్సులో సీటు దొరకగానే నోట్‌బుక్ తీసి రాసుకున్నాను. ఒకటి, ఫలానా పేజీ ఉందని సెర్చ్ ఇంజన్‌కి ఎలా తెలుస్తుంది? రెండు, ఏ మాటకి ఏ పేజీ చూపాలో ఎలా తేల్చుకుంటుంది? మూడు, పదో స్థానంలో ఉన్న పేజీలో ఏముంది, వందో దానిలో ఏం లేదు? బస్సు కుదుపులకి మూడో ప్రశ్న గీత దాటి పోయింది. ఆ పేజీ ఇంకా నా దగ్గర ఉంది.

నేను కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో అక్కా బావల ఇంట్లో ఉండేవాణ్ణి. మాది అనంతపురం వైపు. బావ బాలానగర్ అవతల ఒక మందుల ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్. మా సందు చివర ఒక ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. మూడు కంప్యూటర్లు, ఒక ఫోన్ లైను. దాన్ని నడిపేది భీమవరం నుంచి వచ్చిన ఒకావిడ. మేమంతా మేడం అనేవాళ్లం. లైను కలిసేటప్పుడు మోడెం చేసే కీచు చప్పుడు వింటేనే నాకు ఆకలి వేసినట్టుండేది.

అక్కడే ఒక సంగతి కనిపెట్టాను. తెరమీద ఏ పేజీ ఉన్నా, మెనూలో ఒకచోట నొక్కితే దాని వెనక రాసిందంతా బయటపడుతుంది. చొక్కా తిరగేసి కుట్లు చూసినట్టు. ఏదో ఒక మాట వెతకడం, మొదట వచ్చిన పది పేజీలనూ తిరగేసి చూడడం, నోట్‌బుక్‌లో గళ్లు గీసి నింపుకోవడం నా పని. పేజీ శీర్షికలో ఆ మాట ఉందా? మొదటి వాక్యంలో ఉందా? చదివేవాళ్లకి కనబడకుండా ఇంజన్ కోసమే రాసే పదాల వరసలో ఉందా? మిగతా పేజీలు దీనికి లింకు ఇచ్చాయా? పది రోజులు నింపేసరికి గళ్లలో ఒక ఆకారం కనబడసాగింది. ఉండబట్టలేక కుర్చీలోంచి లేచాను.

"ఏవండీ, కరెంటు కొట్టిందా?" అంది మేడం.

"లేదండీ. దొరికింది."

"ఏం పోయిందండీ దొరకడానికి?"

బావకి మాత్రం ఇదేం నచ్చలేదు. ఒక సాయంత్రం అన్నం దగ్గర అడిగాడు. "ఏమిరా, దినామూ ఆ కొట్లో కూచోని ఏం చేస్తాండావు?"

"వెతికితే పేజీ పైకొచ్చేటట్టు చేయడం నేర్చుకుంటున్నా బావా. ఇట్లా చేసిపెట్టేవాళ్లకి ఇంటి నుంచే పని దొరుకుతుంది."

"పేజీ సంగతి తర్వాత, ముందు నువ్వు పైకొచ్చేది చూడు. మా ఫ్యాక్టరీ డ్రాయింగ్ సెక్షన్లో ఒక పోస్టు ఉండాది. వచ్చే నెలాఖరు దాకా ఆపమని చెప్పినా."

నా చేతిలో ఒక పని ఉందని చెప్పాను. డిప్లొమాలో ఉండగా శిక్షణ కోసం వెళ్లిన బాలానగర్ షెడ్డు యజమాని తనకో వెబ్‌సైట్ చేయమన్నాడు. మందుల ఫ్యాక్టరీల్లో పొడిని నొక్కి మాత్రలుగా అచ్చువేసే యంత్రాలుంటాయి. వాటిలో పొడి పడే గుంటని డై అంటారు, దాన్ని పైనా కిందా నొక్కే కడ్డీలు పంచ్‌లు. ఆయన షెడ్డులో తయారయ్యేవి ఆ రెండే.

"మంచిదేలే," అన్నాడు బావ. "నెలాఖరు ఆదివారం నేనే వచ్చి కూచుంటా. ఆ షెడ్డు పేరు కొట్టను. పంచ్‌లు కావాల్సినోణ్ణిగా నాకేం తోస్తే అది కొడతా. మొదటి పదిట్లో నీ పేజీ ఉంటే నోరెత్తను. లేకుంటే సోమవారం నా స్కూటరెక్కుతావు."

"పన్నెండోది అయితే?" వంటింట్లోంచి అక్క అడిగింది.

"రెండో పేజీ ఎవరు తిప్పుతారే? పదంటే పదే."

నేను సరేనన్నాను. పరీక్ష న్యాయమైనదే. నెలాఖరుకి ఇంకా ఆరు వారాలుంది. పేజీని ఇంజన్‌కి అప్పజెప్పాక అది జాబితాలోకి ఎక్కడానికి రెండు మూడు వారాలు పట్టే కాలమది. అంటే నాకు రెండే ప్రయత్నాలు.

మొదటిదాని కోసం షెడ్డుకి వెళ్లాను. యజమానికి యాభై ఏళ్లుంటాయి, ఆ చుట్టుపక్కల ఊరివాడే. గేటు మీద ఆకుపచ్చ బోర్డు. అందులో పై నుంచి కింద దాకా యంత్రాల పేర్లు: లేత్ మూడు, మిల్లింగ్ రెండు, సర్ఫేస్ గ్రైండర్ ఒకటి, ఇంకా చాలా.

"బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు ఎక్కియ్యి తమ్మీ. ఒక్క మెషీన్ గూడ ఇడిచిపెట్టకు. బాలానగర్ల మనిషిని మెషీన్లను చూసే లెక్కవెడ్తరు," అన్నాడాయన.

నాకూ అదే సబబనిపించింది. డిప్లొమా చదివినవాణ్ణి, యంత్రాల జాబితా కంటే అందమైనది నాకేం కనబడుతుంది? మూడు రోజులు కూర్చుని, ప్రతి యంత్రం పేరూ కొలతలతో సహా ఇంగ్లీషులో పేజీకెక్కించాను. శీర్షికలో లేత్, మొదటి వాక్యంలో లేత్. తెల్లటి పేజీ మీద తెల్లక్షరాలతో అవే మాటలు యాభైసార్లు రాయడం ఎవరిదో పేజీ తిరగేసినప్పుడు చూశాను. అదీ చేశాను. పేజీని ఇంజన్‌కి అప్పజెప్పి రోజులు లెక్కపెట్టాను.

పదిహేనో రోజున పేజీ జాబితాలోకి ఎక్కింది. కబురంపితే యజమాని చేతులకున్న గ్రీజు తుడుచుకుంటూ సెంటర్‌కి వచ్చాడు. ఆయన కంపెనీ పేరు కొట్టి చూపించాను. మొట్టమొదట మేమే.

"ఓర్నీ! నా పేరు కొడితే నేనే ఒస్తున్న గదా!" అని ఆయన నా వీపు మీద చరిచాడు. "ఇగ ఫికర్ ఏంది?"

"అన్నా, మీ పేరు తెలిసినవాళ్లు నేరుగా షెడ్డుకే వస్తారు. తెలియనివాళ్లు ఏం కొడతారో అది చూడాలి," అని లేత్ అని కొట్టాను. లోకంలో లేత్‌లు అమ్మేవాళ్లంతా తెరమీదకి వచ్చారు. ఒక్కొక్క పేజీ తిప్పుతూ పోయాను. యజమాని మొదట నిలబడి చూశాడు, తర్వాత కూర్చున్నాడు, తర్వాత టీ తాగాడు.

"ఇరవై పేజీలు తిప్పారు, అక్కడ కూడా లేరాండీ?" అంది మేడం.

"లేమండీ."

"పోనీ తెల్లక్షరాలేవో రాశానన్నారుగా?"

ఆ సంగతీ అంతకు ముందురోజే తెలిసింది. అలా దాచిన మాటలున్న పేజీలను ఇంజన్లు పట్టుకుని కిందికి తోసేస్తున్నాయని ఒక చర్చావేదికలో చదివాను. ఆ అక్షరాలు అప్పుడే తీసేశాను. ఇక మిగిలింది మూడు వారాల మూడు రోజులు.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకి వెళ్లాను. ఏం చేయాలో తెలిసి వెళ్లలేదు. కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చున్నాను. ఇంతలో ఏదో ఫ్యాక్టరీ నుంచి ఒకతను గుడ్డలో చుట్టిన డై పట్టుకొచ్చాడు. దానికి దారంతో ఒక చీటీ కట్టి ఉంది. యజమాని చీటీ చదివి, అతన్ని అడిగిన మొదటి మాట: "ఏం పరేషాన్ ఉంది?" అతను చెప్పాడు. మాత్ర పైభాగం టోపీలా ఊడి వచ్చేస్తోందట. యజమాని డై లోపల వేలు పెట్టి తడిమి, చీటీని విప్పి, కిటికీకి వేలాడే ఇనప తీగకు గుచ్చాడు. ఆ తీగ నిండా చీటీలే. మసిపట్టినవి, పసుపెక్కినవి, కొన్ని మందుల డబ్బా అట్ట చింపి రాసినవి.

"ఇవన్నీ ఏంటన్నా?"

"గిరాకీలు తెచ్చిన చీటీలు తమ్మీ. మల్ల ఒచ్చినప్పుడు, పోయినసారి ఏమైందో చూస్తే యాదికొస్తది."

నేను తీగ పైచివర పట్టుకుని చదవసాగాను. అన్నీ వచ్చీరాని ఇంగ్లీషులో. పొడి పంచ్‌కి అంటుకుంటోంది. మాత్ర మీద గీతలు. అంచులు విరుగుతున్నాయి. ఒక మాత్ర బరువు, ఒకటి తేలిక. టోపీ ఊడుతోంది. మళ్లీ అంటుకుంటోంది. అక్కడ ఆగి గేటు వైపు చూశాను.

"అన్నా, గేటు మీద బోర్డు ఎవరు చదువుతారు?"

"పక్క షెడ్లోళ్లు. ఒకనికి మిల్లింగ్ ఉంటది, గ్రైండర్ ఉండది. బోర్డు చూసి పని నాకిస్తడు. ఎందుకు?"

"మరి ఈ చీటీలు రాసినవాళ్లు?"

"ఆళ్లకు మెషీన్ల తోని ఏం పని? ఆళ్ల గోస ఆళ్లది."

నేను పక్క షెడ్డువాళ్ల కోసం వెబ్‌సైట్ చేశాను. గోడ అవతల ఉన్నవాళ్ల కోసం! ఇంటర్నెట్‌లో వెతికేవాడు రాసేదీ ఇలాంటి చీటీయే, తన బాధే. నవ్వొచ్చింది, గట్టిగానే నవ్వాను. లేత్ దగ్గరున్నతను తల తిప్పి చూశాడు.

"ఏంది తమ్మీ, మంచిగున్నవా?"

"ఈ తీగ నాకు ఒక్కరోజు కావాలన్నా."

"ఇంటికి గింటికి ఇయ్య. ఈడనే కూసోని రాసుకో. వరుస చెడగొట్టకు, చెప్తున్న!"

రెండు రోజులు ఆ స్టూలు మీదే కూర్చున్నాను. నూట పద్దెనిమిది చీటీలు. రెండంటే రెండింటిలో యంత్రం పేరుంది. మిగతావన్నీ కలిపి చూస్తే తేలినవి ఏడు బాధలు. ఒక్కొక్క దాని ఎదురుగా వాళ్లు రాసిన మాటలు రాసినట్టే దింపుకున్నాను, నాకు మెరుగనిపించిన మాటలేవీ కలపకుండా. తర్వాత ఒక్కొక్కటే యజమానిని అడిగాను.

"టోపీ ఎందుకు ఊడుతుందన్నా?"

"పొడి ఒత్తేకాడ డై అరిగి లోపల గాడి పడ్డది అనుకో. మాత్ర బయటికొచ్చేటప్పుడు గా గాడికి తట్టుకుంటది, నెత్తి ఊడ్తది. అందరు పొడిని తిడ్తరు. జర డైల ఏలు పెట్టి చూడుండ్రి అంటె ఇనరు."

ఆయన చెబుతుంటే రాసుకుంటూ పోయాను. ఇరవై ఏళ్ల చేతిపని అంతా ఏడు జవాబుల్లోకి వచ్చి కూర్చుంది. ఒక్కో బాధకి ఒక్కో పేజీ, శీర్షికలో చీటీ మాటలు, కింద ఆయన జవాబు, ఒక పేజీ నుంచి మిగతా ఆరింటికీ లింకులు. యంత్రాల జాబితాని చివరి పేజీలో ఒక మూలకి నెట్టాను. అదొక్కటే ఆయనకి నచ్చలేదు. పద్దెనిమిది రోజులుందనగా ఏడు పేజీలనూ అప్పజెప్పాను.

ఆ తర్వాత రోజూ సెంటర్‌కి వెళ్లడం, పావుగంట చూడడం, రావడం. మేడం నన్ను చూడగానే, "ఇంకా లేదండీ, నేనే చూశాను," అనేది. పదహారో రోజున లైను కలిసింది, మాట కొట్టాను, జాబితా పై నుంచి దిగుతోంది, ఎవరో పక్కగదిలో ఫోన్ ఎత్తారు, లైను తెగింది. మేడం ఆ ఎత్తినవాళ్లని తిట్టిన తిట్లు నేనిక్కడ రాయను. మళ్లీ కలిపేసరికి అంటుకునే పొడికి మాది ఆరోది! ఇద్దరం ఒకేసారి అరిచాం.

కానీ బావ ఏం కొడతాడో నాకు తెలియదు.

ఆదివారం పొద్దున్న పదింటికి బావ వచ్చాడు. చొక్కా జేబులో మడిచిన కాగితం, అది ఫ్యాక్టరీ దరఖాస్తు. నా పేరు అప్పటికే నింపేశాడు, నేను సంతకం పెట్టడమే తరువాయి. యజమాని ఇస్త్రీ చొక్కాలో వచ్చి బావ పక్కన కూర్చున్నాడు. బావ రెండు వేళ్లతో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఇంగ్లీషులో పంచ్‌లు, డైలు తయారుచేసేవాళ్లు అని కొట్టాడు.

పదీ చదివాడు. పెద్ద పెద్ద విదేశీ కంపెనీలు. మేము లేము.

"లేదప్పా," అన్నాడు. గొంతులో గెలిచిన సంబరం లేదు, అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది. చెయ్యి జేబు దగ్గరికి వెళ్లింది. నేను నోట్‌బుక్ మూశాను.

యజమానికి మా పందెం సంగతి పూర్తిగా తెలియదు. ఆయన తన అలవాటు ప్రకారం, షెడ్డుకి వచ్చినవాణ్ణి అడిగినట్టే బావ వైపు తిరిగాడు.

"సార్ది మందుల ఫ్యాక్టరీ అంట గదా. ఏం పరేషాన్ ఉంది సార్?"

బావకి అదే కావాలేమో. "ఏం చెప్పమంటారన్నా! రెండో నంబరు మెషీన్లో రెండు వారాల నుంచి మాత్రల తలలు ఎగిరిపోతాండాయి. పొడి మార్చినాము, తేమ చూసినాము, ఏం చేసినా అంతే."

"మరి గదే కొట్టుండ్రి."

బావ నా వైపు చూశాడు. మళ్లీ రెండు వేళ్లతో మొదలుపెట్టాడు. మాత్ర, తల, ఊడడం, ఇంగ్లీషులోనే. జాబితా పై నుంచి మెల్లగా దిగింది. మూడోది మాది.

బావ లెక్కపెట్టలేదు. ఒకటీ రెండూ అని వేలు పెట్టి చూస్తాడనుకున్నాను, చూడలేదు. పేజీ తెరిచి చదవడం మొదలుపెట్టాడు. గాడి గురించి ఉన్న చోట ఆగి, మళ్లీ మొదటికి వెళ్లి చదివాడు. తర్వాత కుర్చీ యజమాని వైపు తిప్పాడు.

"గాడి పడినట్టు మేమెట్లా చూసుకోవల్ల? వేలికి తగులుతాదా?"

"గోరు పెట్టి గీకుండ్రి సార్, ఎరికైతది. రేపు ఒకటి పట్టుకరాండ్రి, చూపిస్త."

"షెడ్డు ఎక్కడ చెప్పండన్నా, రాసుకుంటా." బావ జేబులోంచి కాగితం తీశాడు, తిరగేసి తొడ మీద పెట్టుకుని, అడ్రస్ రాసుకోసాగాడు. నేను సంతకం పెట్టాల్సిన చోటు కిందివైపు, ఆయన ప్యాంటుకి ఆనుకుని ఉంది. సందు పేరు రాసేటప్పుడు కలం కాగితాన్ని పొడుచుకుని అవతలికి దిగింది.

"ఏవండీ, టైమైపోయింది," అంది మేడం. "ఇంకో అరగంట వేసుకోమంటారా?"

"వేసుకోండి," అన్నాడు బావ, తల ఎత్తకుండానే.

యజమాని నా చెవి దగ్గరికి వంగాడు. "మా పక్క షెడ్డోని తాన గూడ ఇసొంటి తీగ ఉంది తమ్మీ. వాల్వులు చేస్తడు. మాపటికి ఒస్తవా?"

నేను నోట్‌బుక్ తెరిచి కొత్త పేజీలో గళ్లు గీయడం మొదలుపెట్టాను.