సత్యం సేటు ఏడో పని

పాలకుర్తిలో హోల్‌సేల్ కిరాణం నడిపే సత్యం సేటు ఏడు పనులు జమకూడితే గాని బండి తాళం ముట్టడు. ఆరు ఉన్నాయంటే బండి ఇంటి ముందరే. ఆరున్నర అని ఎంత బతిమాలినా అంతే. ఆయనకు మారుతి వ్యాను ఉంది, దాని ట్యాంకు నిండా పెట్రోలు ఉంది, నడపడం కూడా బ్రహ్మాండంగా వచ్చు. అవేవీ ఆయన్ని ఇల్లు కదిలించలేవు. ఏడో పని కావాలి.

దిగుడు కనబడితే ఇంజను బంద్. ఎక్కుడు వస్తే ఎక్కినవాళ్లందరూ దిగాలి. "పెట్రోలు పోస్తే బండి ఉరుకుతది. ఉరికిన బండి మల్ల పెట్రోలు పోస్తదా?" అని వచ్చినవాళ్లనల్లా నిలదీసేవాడు. దానికి జవాబు చెప్పగలిగిన మొనగాడు మండలంలో లేడు.

ఈ వేదాంతం రోజూ వినే ఖర్మ కొండల్‌ది. సేటు దుకాణం ఎదురుగానే ఆటోల అడ్డా, అక్కడే అతని ఆటో. పైగా ఆటో యూనియన్‌కు కార్యదర్శి. మనసు మంచిదే కానీ, దానికంటే నోరు నాలుగడుగులు ముందు నడుస్తుంది. పొద్దున్నే సేటును ఒక మాట అననిదే అతనికి చాయ్ గొంతు దిగదు. రోడ్డుకు ఇవతలి నుంచే ఎన్నయినయ్ సేటూ అని కేకేస్తాడు. సేటు నాలుగని చెప్తాడు, లేదా ఐదని చెప్తాడు. అడ్డా అంతా నవ్వుతుంది. సేటు మాత్రం నవ్వడు.

ఒకసారి ఆయనకు పన్ను నొప్పి లేచింది. జనగామ పోయి పీకించుకోవడం రెండో పని కింద జమైంది. మిగతా ఐదూ రావద్దూ? దవడ బూరెలా పొంగింది. సేటు భార్య జానకమ్మ లవంగాలు నూరి నూరి విసిగి, దుకాణంలో లవంగాల డబ్బా ఖాళీ అవుతోంది, దానికంటే పెట్రోలే నయమని మొత్తుకుంది. పదకొండో రోజుకు ఏడు పూర్తయ్యాయి, బయల్దేరాడు. సగం దారిలో బండి గుంతలో ఎగిరిపడి, పన్ను దానంతటదే ఊడి చేతిలోకి వచ్చింది. వేరేవాడైతే కొబ్బరికాయ కొట్టును. సేటు మొహం మాడిపోయింది. పనులు ఆరైపోయాయి కదా! బండి పక్కకు ఆపి, సైకిలు మీద పోతున్న గౌడన్నను పిలిచి జనగామలో నీకేమన్నా పని ఉందా అని అడిగాడు. గౌడన్న బుర్ర గోక్కుని, బర్రె ఈనిందని మా చెల్లెకు చెప్పిరా అన్నాడు. ఆ చెల్లెలి ఇల్లు దొరికేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. దూడ ఆడదా మగదా అని ఆమె అడిగితే సేటు తెల్లమొహం వేశాడు.

మానుకోటలో మేనమామ పోయినప్పుడు మరీ అన్యాయం. ఏడు పనులు కూడేసరికి అక్కడ పెద్దకర్మ కూడా అయిపోయింది. తాను వెళ్లిన రోజున పరామర్శతో పాటు మిరపకాయల బేరం ఉంది, బంధువులకు పంచాల్సిన పెళ్లిపత్రికలు ఉన్నాయి. తనను చూడగానే శోకం అందుకున్న అత్తమ్మ చేతిలో కంగారులో ఒక పత్రిక పెట్టాడు. ఆవిడ ఏడుపు ఆపి ముహూర్తం చదివింది. ఏడుపైతే ఆగింది కదా అని సేటు నేటికీ సమర్థించుకుంటాడు.

ఇంతదాకా నవ్వుకున్నాం. రెండువేల పదకొండు సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది, నవ్వులు తగ్గాయి. బస్సులు డిపోల గేట్లు దాటలేదు. బడులు మూతపడ్డాయి. కొండల్‌కు భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసే బామ్మర్ది ఫోను చేసి, బాయిలు ఆగినయి, చెల్పూరు కరెంటు ఫ్యాక్టరీకి బొగ్గు పోతలేదు, కరెంటు మీద ఆశ పెట్టుకోకుండ్రి అని చెప్పాడు. అన్నట్టే పగలు ఉక్క, పొద్దు గూకితే చీకటి. తెలంగాణ రాష్ట్రం రాదేమోనన్న బెంగతో ప్రాణాలు తీసుకున్న పిల్లల ఫోటోలు చౌరస్తాలో దండలతో వరసగా నిలబడ్డాయి. ఒక్కొక్కరికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు. ఆ ఫోటోల ముందు నుంచి పోతుంటే కొండల్ నోరు కూడా మూతపడేది.

ఆటోలు కూడా ఆపాలని యూనియన్ మీటింగులో మొట్టమొదట చెయ్యెత్తినవాడు కొండల్. "పెండ్లయినా సావయినా చక్రం కదలొద్దు. కదిలిస్తే గాలి తీసుడే" అన్నాడు. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లలో పాపం ఇంటి సంగతి మరిచిపోయాడు. అతని భార్య అరుణకు రెండు కిడ్నీలూ చెడిపోయి ఎనిమిది నెలలు. మంగళవారం, శుక్రవారం హన్మకొండ దవాఖానలో డయాలసిస్ తప్పదు, బస్సులో తీసుకుపోయేవాడు. సమ్మె మూడు రోజుల్లో తేలిపోతుంది, తెలంగాణ వస్తుంది, శుక్రవారం లోపు బస్సులూ వస్తాయి అనుకున్నాడు. ఆ రోజుల్లో మనవాళ్లందరి లెక్కా అదే కదా, అతన్ని ఒక్కణ్నే ఏమంటాం.

ఆ శుక్రవారం దోస్తు బైకు మీద కూర్చోబెట్టుకుపోయాడు. పట్టుకునే బలం లేక అరుణ రెండుసార్లు జారిపోయింది. మంగళవారానికి ఆ బైకులో పెట్రోలు లేదు, బంకులు ఎండిపోయాయి. సొంత ఆటోలో డీజిలంతా ర్యాలీలో మైకు కట్టుకు తిరిగి తానే ఊదేశాడు. అంబులెన్సుకు ఫోను చేస్తే, దారులన్నీ బందున్నాయి, ఎప్పటికి చేరుతామో చెప్పలేమన్నారు. డయాలసిస్ తప్పిపోయింది. బుధవారం అరుణ మొహం ఉబ్బింది. గురువారం పడుకుంటే ఊపిరాడక రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చుంది.

ఊళ్లో పెట్రోలున్న బండి ఒక్కటే అని అందరికీ తెలుసు. ఏ మొహం పెట్టుకుని అడగాలి? ఒక్క పని కోసం ఆ మనిషి బండి తీయడు. తీసినా, చక్రం కదలొద్దన్న నోటితోనే కదిలించమని ఎట్లా అడుగుతాడు? శుక్రవారం తెల్లారాక అరుణే రొప్పుతూ అడిగింది.

"సిగ్గు సంపుకుంటవా, నన్ను సంపుకుంటవా?"

కొండల్ లేచి సేటు దుకాణానికి పోయాడు. సగం దించిన షట్టరు కింద, గడప మీద సేటు కూర్చుని ఉన్నాడు. అడగవలసింది నోట్లోంచి రాలేదు. పదేళ్ల అలవాటు కొద్దీ రోజూ వచ్చే మాటే వచ్చింది.

"ఎన్నయినయ్ సేటూ?"

"ఆరు," అన్నాడు సేటు. "ఏడోది దొరుకుతలేదు. నీ దగ్గర ఏమన్న ఉన్నదా?"

కొండల్ షట్టరు కిందికి వంగాడు. "అరుణను దవాఖానకు తీస్కపోవాలె."

"గట్లయితే ఏడు," అని సేటు లేచి జేబులోంచి తాళం తీశాడు. ఐదు నిమిషాల్లో వ్యాను కొండల్ ఇంటి ముందుంది.

జఫర్‌గఢ్ దాటాక రోడ్డుకు అడ్డంగా సమ్మెవాళ్ల వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిరాళ్లు, వాటి మీద పెద్ద డేగిశ, చుట్టూ నూరు మంది. కర్ర పట్టుకుని అడ్డమొచ్చిన లచ్చయ్య అక్కడి ఆటో యూనియన్ మనిషి, కొండల్‌ను గుర్తుపట్టాడు. పెండ్లయినా సావయినా అన్నది నువ్వే కదన్నా అని మెల్లగా అడిగాడు. తిట్టినా బాగుండేది. వెనక సీట్లో అరుణ ఊపిరి గరగరా వినబడుతోంది.

సేటు ఇంజను ఆపి కిందికి దిగాడు. "మీ మాటేంది? బండి నడపొద్దు, గంతే కద. నేను నడుపుతలేను, నూకుతాన్న," అంటూ అరవై ఏళ్ల మనిషి పంచె ఎగ్గట్టి వ్యానుకు భుజం ఆనించాడు. బండి బెత్తెడు కదిలింది. ఆయన రెండు బెత్తెలు వెనక్కి జారాడు. లచ్చయ్య కిటికీలోంచి అరుణ మొహం చూశాడు, కర్ర కింద పడేసి తానూ భుజం ఆనించాడు. తర్వాత పది మంది, ఇరవై మంది. డేగిశ పక్కకు దించారు, పొయ్యిరాళ్లు జరిపారు. సేటు తీరిగ్గా స్టీరింగు ముందుకు పోయి కూర్చున్నాడు. ఆ అడ్డు దాటి ఫర్లాంగు అయినా ఇంజను చాలు చేయకుండా, ఇంక జర, ఇంక జర అని నూకిస్తూనే ఉన్నాడు. పెట్రోలు మిగులుతుంటే ఎవడాపుతాడు?

ఇంకో పూట ఆగి ఉంటే తీసుకొచ్చే పనే ఉండేది కాదని డాక్టరు కొండల్‌ను దులిపేశాడు. నాలుగు గంటలు జనరేటరు మీదే మిషను తిరిగింది. కొండల్ వార్డు తలుపు దగ్గర నిలబడే ఉన్నాడు. ఉబ్బు దిగుతోందని నర్సు చెప్పాకే బయటికొచ్చి గాలి పీల్చుకున్నాడు. చూస్తే హన్మకొండ అంతా షట్టర్లు దించి ఉంది, చాయ్ బండి కూడా లేదు. అప్పుడు తట్టింది అతనికి. ఇంత బందులో సేటుకు ఇక్కడ ఆరు పనులు ఏమున్నాయి? వ్యాను దగ్గరికి పోతే సేటు ముందు సీట్లో చెప్పులు విడిచి, కాళ్లు చాపుకుని ఉన్నాడు. పొద్దుటి నుంచి అక్కణ్నుంచి కదిలినట్టు లేడు.

పనులయినయా అని కొండల్ అడిగితే అయినయన్నాడు. అన్ని దుకాండ్లు బందే కదా అంటే, బందున్నయా లేదా చూసుడు గూడ పనే అన్నాడు.

అరుణను పట్టుకుని తెచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టారు. మొహం మళ్లీ ఆమె మొహంలా ఉంది. "ఆకలైతాంది," అన్నది. నాలుగు రోజుల్లో ఆ మాట ఆమె నోట రావడం ఇదే మొదలు. కొండల్ బంద్ బజారు వైపు దిక్కులు చూశాడు. సేటు సీటు కింద నుంచి టిఫిను డబ్బా తీసి, జానకమ్మ నాకని కట్టింది, నాకు ఆకలి లేదని ఇచ్చాడు. అన్నం, ఇంత బీరకాయ కూర. కొండల్ రుచి చూద్దామని ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"సేటూ, గిండ్ల ఉప్పే లేదు."

అరుణకు డాక్టర్లు ఉప్పు మాన్పించారు. జానకమ్మకు ఆ సంగతి తెలుసు.

"మా ఇంట్ల ఏడు కూరలు కూడితే గని ఉప్పుడబ్బ మూత తియ్యరు," అన్నాడు సేటు అద్దంలోకి చూస్తూ.

"నేను అడగక ముందే వండిండ్రా?"

సేటుకు కోపం వచ్చింది. "మంగళారం సంది రోజు వండి బండ్ల పెడ్తాంది. నువ్వేమో రావు. పారేస్తే పాపం. మూడు దినాలసంది గీ సప్పటి కూడు నేనే తింటాన్న, నోరు సచ్చిపోయింది."

"మరి నువ్వే ఎందుకు పిలవకపోయినవ్?"

"పిలిస్తే వస్తుంటివా? సెక్రెటరీవి. వచ్చే మంగళారం మాత్రం జర పొద్దుగాల్నే రా. అప్పటికి మల్ల ఆరు జమైతయి."

కొండల్ తల అవతలికి తిప్పుకున్నాడు. వెనక సీట్లో అరుణ నవ్వుతూ ఆ చప్పటి అన్నం మెతుకు మిగల్చకుండా తిన్నది.