తెర జానెడు పైకి జరిపింది నేనే

ఆపరేటరు గారు పోయారు. మంగళవారం పొద్దున్న కాఫీ గ్లాసు కింద పెట్టి "ఆయాసంగా ఉందే" అన్నారట, అంతే. నేను అమలాపురం కాలేజీకి బయలుదేరుతూ బండి తీస్తుంటే ఎదురింటావిడ గోడ మీంచి చెప్పింది. బండికి స్టాండు వేసి అక్కడే నిలబడిపోయాను. ముందు నాకు దుఃఖం రాలేదు. చెప్పుకోవడానికి ఇక ఆ మనిషి లేడన్న సంగతి తట్టింది ముందు. అందుకే మీకు చెబుతున్నాను.

ముక్తేశ్వరంలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. ఊళ్ళో సినిమా హాలు ఉన్నన్నాళ్ళూ ప్రొజెక్టరు ఆడించింది ఆయనే. నా పదో తరగతిలో ఆ గదిలోకి పిలిచి, కటకం చేతికిచ్చి, వెలుగు ఎలా వంగుతుందో చూపించారు. ఇవాళ నేను చెప్పే ఫిజిక్సు పాఠం అక్కడ మొదలైంది. హాలు మూతపడి కొబ్బరికాయల గోడౌను అయ్యాక కూడా ఆయన ఆపరేటరు గారే. టీవీ గోడకి బిగించాలన్నా, పెళ్ళిలో తెర కట్టాలన్నా, బడిలో బొమ్మ సరిగ్గా పడకపోయినా ఆయన్నే పిలిచేవారు. లుంగీ మడిచి కట్టి, భుజాన గుడ్డసంచీతో వచ్చేవారు. అందులో నూలుతాడు, పెన్సిలు, నీళ్ళు నింపే సన్నటి ప్లాస్టిక్కు గొట్టం. గొట్టంలో నీళ్ళు రెండు పక్కలా ఒకే ఎత్తున నిలిస్తే అదే ఆయన లెవెలు. పనికి ముందు ఒక టీ తాగేవారు. చేసిన పని తనకి నచ్చితే ఇంకొకటి అడిగి తాగేవారు.

కిందటేడు మేడ మీద గదిలో హోమ్ థియేటరు పెట్టుకున్నాను. ప్రొజెక్టరు ఎక్కడ వేలాడదీయాలో కాగితం మీద లెక్క కట్టి మరీ ఆయనకి చూపించాను. ఆయన మర్యాదగా చూసి, మడిచి, నా జేబులోనే పెట్టేశారు.

"ఆయ్, బాగుందండి మాస్టారూ. ముందు మీరు కుర్చీలో కూర్చోండి."

కూర్చున్నాను.

"అలా నిటారుగా ఎవరు చూస్తారండి సినిమా? జారబడండి."

జారబడ్డాను. తాడు కొస నా కంటి దగ్గర పట్టుకోమని, రెండో కొస గోడ దాకా లాగి గీత పెట్టారు. "తెరని గోడకి కాదండి, కూర్చున్నోళ్ళ కంటికి బిగించాలండి" అన్నారు. తర్వాత స్లాబుకి కన్నాలు పెట్టి, ఇనప కడ్డీకి ప్రొజెక్టరు తలకిందులుగా బిగిస్తూ ఇంకో మాట చెప్పారు. "మిషను తల ఎత్తకూడదు, దించకూడదండి. అది తల ఎత్తితే బొమ్మ భుజాలు చాపేస్తుందండి."

అంతా అయ్యేసరికి కరెంటు పోయింది. కరెంటువాళ్ళు తీగల మీద వాలిన కొబ్బరిమట్టలు కొట్టే రోజది. "కరెంటొచ్చేక తెల్లటి వెలుగేసి నాలుగు మూలలూ చూసుకోండి. తేడా ఉంటే కబురెట్టండి, వచ్చేస్తాను" అని, రెండో టీ తాగి వెళ్ళారు. సాయంత్రం చూశాను. నాలుగు మూలలూ తెర అంచుకి అతికినట్టున్నాయి. వెంట్రుకవాసి తేడా లేదు. ఆ సంగతి ఆయనకి వెళ్ళి చెప్పాలనుకున్నాను, బద్ధకించాను.

రెండు రోజులకి స్పీకర్ల కోసం మా ఆవిడ చేయించిన టేకు బల్ల వచ్చింది. తెర కింద పెడితే దాని నెత్తి తెరకి తగిలింది. బల్ల జరుపుదామంటే మా ఆవిడ ఊరుకోదు. ఆపరేటరు గారిని పిలిస్తే బల్లనే జరపమంటారు. ఎవరితోనూ పెట్టుకోలేక నేనే నిచ్చెన వేసుకుని తెర జానెడు పైకి జరిపాను. అక్కడికి అందేలా ప్రొజెక్టరు తల ఎత్తాను. వెలుగు వేసి చూసుకోవాలని కూడా తోచలేదు, నాకు తెలియని కాంతి ఉందా అని ధీమా.

ఆదివారం సాయంత్రం మొదటి ఆట. మా తోడల్లుడి గారి కుటుంబం, కాలేజీవాళ్ళు, వీధివాళ్ళు కలిసి పాతికమంది. దీపాలు ఆర్పాక ఆపరేటరు గారు వచ్చి, అలవాటు కొద్దీ వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. నేను చూడలేదు. బొమ్మ పడింది. పైన వెడల్పు, కింద సన్నం, అచ్చం చేటలా ఉంది. రిమోటు నొక్కినకొద్దీ ఇంకా వంకర తిరిగింది.

"ఏం తమ్ముడూ, ఫిజిక్సు మాస్టారింట్లో బొమ్మకి నడుం పట్టేసిందేంటి?" అన్నారు తోడల్లుడు గారు. గదంతా నవ్వులు. నా దగ్గర చదువుకుని ఇప్పుడు నాతోపాటు పాఠాలు చెబుతున్న కుర్ర లెక్చరర్లూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"నేనేం చేసేనండి, ఆపరేటరు గారు బిగించేరు. పెద్దాయన, చూపు ఆనట్లేదు పాపం" అన్నాను.

ఆడలేక మద్దెల ఓడు అంటారే, అదే. పైగా మళ్ళీ 'పాపం' ఒకటి!

వెనకనించి గొంతు వినబడింది. "ఆయ్, నాదేనండి తప్పు. చూపు తగ్గినట్టుందండి. ఏమనుకోకండి మాస్టారూ."

అప్పుడు నా నోటికి రెండే ముక్కలు రావాలి. నేనే జరిపేనండి. రాలేదు. "పర్లేదండి" అన్నాను. ఆయన్ని నేను క్షమించాను, చూశారా! మర్నాడు పొద్దున్నే సంచీతో వచ్చి, "ఎక్కడ తప్పేనో ఒక్కసారి చూస్తానండి" అన్నారు. పైకి వస్తే నా పని బయటపడుతుంది. "దుకాణం వాళ్ళని పిలిచేనండి, మీకెందుకు శ్రమ" అని మెట్ల దగ్గరే ఆపేశాను. ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసి ఊపిరి పీల్చుకున్నాను. ఛీ!

ఆ తర్వాత ఆయన ఏ పనికీ వెళ్ళలేదు. పిలవక కాదు, ఆయనే వద్దన్నారు. బడివాళ్ళు వస్తే, "చూపు లేనోడు బిగిస్తే పిల్లలకి మెడనొప్పండి, ఇంకోళ్ళని చూసుకోండి" అన్నారట. దారిలో కనబడితే ఆయనే ముందు నమస్కారం పెట్టేవారు. "బొమ్మ బాగా వస్తోందాండి మాస్టారూ?" అనేవారు. "ఆయ్" అనేవాణ్ణి. రేపు చెబుదాం, పరీక్షలయ్యాక చెబుదాం అని ఎనిమిది నెలలు దొర్లించాను. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని క్లాసులో పిల్లలకి చెబుతుంటాను. జారిన నోరు తర్వాత ఎనిమిది నెలలు మూసుకుని కూర్చున్నవాడికి ఏ సామెత ఉందో నాకు తెలీదు.

నాలుగో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్యని నేను పిన్నిగారూ అంటాను. ముందుగదిలో చాప మీద కూర్చుని ఉన్నారు. జనం పల్చబడ్డాక చెప్పేశాను. "పిన్నిగారూ, ఆ రోజు బొమ్మ వంకర రావడం ఆయన తప్పు కాదండీ. తెర జరిపింది నేను. ఆయన బిగించినప్పుడు అంతా సరిగ్గా ఉంది. నేను చూసేను కూడానండి."

తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. ఆవిడ చాప అంచు వేలితో రాస్తూ, ఎదురు గోడ మీది కేలెండరు చూపించారు.

"రోజూ పొద్దున్నే దాని ముందు నిలబడి, ఒక కన్ను చేత్తో మూసుకుని, తేదీల కింద సన్నక్షరాలు చదివేవారండి. తిథి, నక్షత్రం, వర్జ్యం. తర్వాత రెండో కన్ను. నన్ను దగ్గరుండి సరిచూడమనేవారు. ఒక్కటీ తప్పేవారు కాదండి. రోజుకి కాస్త వెనక్కి జరిగేవారు. ఆఖరికి ఆ వీధిగుమ్మం దాకా వెళ్ళిపోయి చదివేరు. 'కళ్ళు లక్షణంగా ఉన్నాయి కదండీ, ఎందుకీ బాధ' అనేదాన్ని. 'నీకు తెలీదే, మాస్టారంతటాయన ఊరికే అంటారేంటి' అనేవారండి."

లేచి వచ్చేస్తూ వీధిగుమ్మంలో ఆగాను. వెనక్కి తిరిగి, కళ్ళజోడు సర్దుకుని, ఒక కన్ను చేత్తో మూసుకుని కేలెండరు వంక చూశాను. నాకు ఒక్క అక్షరమూ ఆనలేదు.