పప్పు ఉడికే నీళ్లు

నదుల నీళ్లను పరీక్షించి రకాలుగా విడగొట్టుడు నా ఉద్యోగం: బురద నీళ్లు, ఆకులు నాని నల్లబడ్డ నీళ్లు, తేట నీళ్లు. మా నాయనమ్మకు మాత్రం రెండే రకాలు, కందిపప్పు ఉడికే నీళ్లు, ఉడకని నీళ్లు. బోరు నీళ్లకు జాలి లేదనేది. మణుగూరు అవతల మా వాగు నీళ్లతోనే వండేది.

చివరికి దవాఖానాల పడుకొని, "ఒక్క గుక్క వాగు నీళ్లు తే బిడ్డా" అన్నది. సీసా నిండా తెచ్చిన. నా చదువు ఊరుకుంటదా, తాగించే ముందు కొన్ని ల్యాబుకు పంపిన. రిపోర్టు వచ్చేలోపే ఆమె పోయింది. సున్నం చాలా తక్కువ అని అందులో ఉంది. సున్నం తక్కువున్న నీళ్లలోనే పప్పు మెత్తగ ఉడుకుతది, ఆ ముక్క ఆమె ఎప్పుడో చెప్పింది.

దినాలైనంక సీసాల మిగిలిన నీళ్లతో పప్పు పెట్టిన. వెన్నలెక్క ఉడికింది.