కంట్లో బొట్టు

ఉస్తాద్ గారు పోయారని మంగళవారం మధ్యాహ్నం ఫోనొచ్చింది. గన్నవరం దాటాక హైవే మీద ఆయన స్కూటర్‌ని ఓ కొత్త కారు వెనకనుంచి గుద్దింది. ఆ కారు మా బావమరిదిది.

నలభై దాటాక నాచేత స్టీరింగు పట్టించిన మనిషి ఆయన. సీటు బెల్టు పెట్టుకోమని కారు చేసే మోత పడలేక ఉత్త క్లిప్పు కొనుక్కొచ్చి గుచ్చేవాళ్లను చూస్తే మండిపడేవారు. బందరు రోడ్డులో గీతలు సగం చెరిగిన చోట నా కారు గీత దాటుతున్నానని ఊరికే కూస్తుంటే నేను విసుక్కునేవాణ్ని. "గీత కనపడక దానికి కంగారండీ. ఆ కాస్త కంగారు మనకీ ఉండాలి" అనేవారు. ఇవాళ నేను బతికి బండి నడుపుతున్నానంటే ఆయన చలవే.

నేను కారు కొన్న రోజు మా అమ్మ ముందు అద్దానికి పైన, నట్టనడుమ, పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. సరిగ్గా దాని వెనకే కెమెరా. ఎదుట ఏదైనా అడ్డొస్తే చూసి, మనం తొక్కకపోయినా బ్రేకు వేయించేది అదే. బొట్టు తుడిస్తే అశుభమేమోనని నేను నసుగుతుంటే, ఉస్తాద్ గారు చెప్పులు విడిచి అమ్మ దగ్గరకు వెళ్లారు.

"బొట్టు కళ్ల మధ్యన పెడతారు గానీ కంట్లో పెట్టరు కదమ్మా."

అమ్మ నవ్వేసి, తన కొంగుతోనే తుడిచి, బానెట్ మీద పెట్టింది.

పోయిన నెల బావమరిది తన కొత్త కారులో మా ఇంటికొచ్చాడు. అద్దం మీద అదే చోట పసుపు, కుంకుమ, పైన ఓ దేవుడి స్టిక్కరు. ఉస్తాద్ గారు చూసి నన్ను పక్కకు పిలిచారు. "మీరు చెప్పండి. నేను చెబితే ఇంకోలా అనుకుంటారు" అన్నారు. అలాగేనన్నాను. చెప్పలేదు. అత్తింటివాళ్లతో పేచీ ఎందుకని ఊరుకున్నాను. అంతకుమించి కారణమేమీ లేదు.

బావమరిది ఒక్క క్షణం ఫోను వంక చూశాడట. అద్దం శుభ్రంగా ఉంటే కారు దానంతటదే ఆగేదా? ఏమో. ఆగేదేమో కూడా.

ఖబరస్తాన్‌లో అందరితోపాటు నేనూ మూడు గుప్పిళ్ల మట్టి వేశాను. ఆయన పెద్దకొడుకు నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"ఆ కార్లకి వాటంతటవే పడే బ్రేకులుంటాయని నాన్నగారు చెప్పేవారండీ. మరెందుకు పడలేదు?"

నాకు కళ్లనీళ్లు వచ్చేశాయి. గురువు పోయాడని ఏడుస్తున్నాననుకున్నాడు కాబోలు, "ఊరుకోండి సార్" అంటూ మట్టిచేత్తోనే నా వీపు నిమిరాడు.