అరవై ఐదు కిలోల తేడా

నాలుగు వేల రూపాయలు మిగుల్చుకోవడానికి లక్ష రూపాయలకు పైగా తగలేసిన మొనగాణ్ణి చూపించమని కాశీబుగ్గ బజారులో ఎవరినడిగినా, నేరుగా నా కొట్టు ముందుకు తెచ్చి నిలబెడతారు. ఇంతటి ఘనకార్యం మా వీధిలో ఇంకెవరివల్లా కాలేదు. తక్కిన వాళ్ళంతా లాభానికి లాభమో, నష్టానికి నష్టమో తెచ్చుకున్న వాళ్ళే.

దెయ్యాలను నమ్మే మనిషిని కాను. మాది మూడు తరాలుగా కిరాణా, జీడిపప్పు వ్యాపారం. కాటాకు ఎక్కనిదాన్ని సరుకని ఒప్పుకునే అలవాటు మా ఇంట్లో లేదు. ఎవరైనా దెయ్యాన్ని చూశానంటే మా నాన్న, "ఎన్ని కేజీలుంటాదేటి?" అని అడిగి, పొట్లం కట్టే పనిలో పడిపోయేవాడు. నేనూ అదే బాపతు. కింద రాసేదంతా కాటా మీద చూసినదే. చూసినదానికి మించి ఒక్క మాట రాయను.

రెండువేల సంవత్సరం దాటి మూడో నాలుగో ఏడు. నౌపడ ఉప్పు మళ్ళలో సూపర్‌వైజరుగా చేసి, రిటైరయ్యాక టెక్కలిలో ఇల్లు కట్టుకున్న ఒకాయన కాలం చేశారు. ఆయన దగ్గర ఒక పాత మోరిస్ మైనరు కారు ఉండేది. ఉప్పు గాలి తగిలితే ఇనుము ఎన్నాళ్ళుంటుందో ఈ తీరంలో పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆయన మాత్రం ఆ బండి అడుగంతా ఏడాదికోసారి జీడిపిక్క నూనె పూసేవారట, ఉద్దానం జాలర్లు పడవలకు పూసినట్టు. అందుకే ఎక్కడా చిల్లు లేదు. నేను బేరానికి వెళ్ళాను.

ఆయన భార్య మాణిక్యమ్మ గారు నలభై రెండు వేలకు ఒక్క పైసా తగ్గనన్నారు. రెండు గంటలు కూర్చున్నాను. మూడుసార్లు లేచి గుమ్మం దాకా వెళ్ళాను. మూడుసార్లూ ఆవిడ పిలవలేదు. బేరగాడికి అంతకన్నా అవమానం లేదు. నాలుగోసారి లేవబోతుంటే ఆవిడే లోపలికి వెళ్ళి ఒక ఉత్తరం తెచ్చారు. శ్రీలంకలో ఏటా పాత మోరిస్ కార్ల వాళ్ళంతా ఒకచోట చేరి జాతర చేసుకుంటారట. ఆ సంఘం వాళ్ళు సూపర్‌వైజరు గారిని రమ్మని రాసిన ఉత్తరం.

"ఎల్తాను ఎల్తాను అనుకుంటానే ఎల్లిపోనారు. ఈ బండిని ఆ జాతరకి తీస్కెల్లినోలికి నాలుగు వేలు తగ్గిత్తాను," అన్నారావిడ.

"నేను తీసుకెళ్తానమ్మా," అన్నాను.

"మాటేనా?"

"మాటే."

"రేపు సరుకొస్తుందండి" అని రోజుకు పదిసార్లు చెప్పే నోటికి అదొక మాటా! ముప్పై ఎనిమిది వేలు లెక్కపెట్టి ఇచ్చి, దారిపొడుగునా నా తెలివికి నేనే మురిసిపోతూ బండి తోలుకొచ్చాను.

ఆవిడ ఊరుకుంటే కదా. టెక్కలి అంతటా చెప్పారు. టెక్కలి బస్సులు కాశీబుగ్గకు వస్తాయి, బస్సులతో పాటు కబుర్లూ వస్తాయి. వారం తిరక్కుండా నా కొట్టుకు వచ్చిన ప్రతివాడూ అదే అడగడం మొదలుపెట్టాడు. "మావా, రావుడు వారధి కట్టినాడు. నువ్వేటి కడతావు?" నవ్వి ఊరుకున్నాను. కానీ మాట మీద లారీ లోడు జీడిపిక్కలు అప్పిచ్చే బరంపురం సేటు కూడా ఒకరోజు టీ తాగుతూ, "లంక మాట ఏమైంది?" అన్నాడు. అతను నవ్వలేదు. మా బజారులో మాట పోయినవాడికి సరుకు పుట్టదు. వెళ్ళక తప్పలేదు.

మన బండిని పరాయి దేశానికి తీసుకెళ్ళి వెనక్కు తేవాలంటే కార్నెట్ అని ఒక పుస్తకం ఉంటుంది. బండి తిరిగి వస్తుందని హామీగా బ్యాంకు గ్యారంటీ పెట్టాలి. బండి రాకపోయినా, వెళ్ళిన బండి వచ్చిన బండి ఒకటి కాదన్నా, ఆ గ్యారంటీ గోవిందా. వజ్రపుకొత్తూరు వైపు మా అమ్మ పేరున మూడెకరాల జీడితోట ఉంది. నాన్న పోయాక ఎవరి ముందూ చెయ్యి చాపకుండా ఆవిడ బతుకుతున్నది ఆ తోట మీదే. అదే తాకట్టు పెట్టాను.

అమ్మ సంతకం పెట్టి కలం నా చేతికిస్తూ, "కారుకి తోటేటిరా పూచీ? తోటకి ఎవుడ్రా పూచీ?" అంది. జవాబు లేనప్పుడు కొట్లో ఏం చేస్తానో అదే చేశాను. నవ్వాను.

ఓడ ఏజెంటు బండి బరువు రాసి పంపమన్నాడు. ఆర్సీ పుస్తకంలో ఖాళీ బరువు 775 కిలోలని ఉంది. పుస్తకంలో రాసిందల్లా నమ్మేస్తే మేం కాటాలు ఎందుకు పెట్టుకున్నట్టు? కాశీబుగ్గలో పిక్కల లారీలు తూచే వేబ్రిడ్జికి తీసుకెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. నేను దిగి పక్కకు వచ్చి నిలబడ్డాను. గదిలో కూర్చున్న కాటా మనిషి నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసు. కిటికీలోంచి కేకేశాడు.

"కాళీ బండన్నావు గదా మావా! పక్క సీట్లో ఆయన్ని దింపవేటి?"

"ఎవర్ని?"

అతను లేచి బయటికొచ్చి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "ఎవులూ లేరేటి? ఎండకి అద్దం మెరిసినట్టుంది," అని వెళ్ళిపోయాడు.

చీటీ మీద 840 వచ్చింది. అరవై ఐదు కిలోలు ఎక్కువ.

వేబ్రిడ్జి అన్నాక అయిదో పదో అటూ ఇటూ అవుతుంది, ఒప్పుకుంటాను. అరవై ఐదు అవదు. అలా అయితే ఈపాటికి నేను మేడ మీద మేడ కట్టేవాణ్ణి. నౌపడ తీసుకెళ్ళి ఉప్పు లారీల కాటా మీద పెట్టాను. 840. పెట్రోలు మొత్తం తీయించాను. స్టెప్నీ తీయించాను. ఆ రెండూ పోతే ఎంత తగ్గాలో అంతే తగ్గింది. అరవై ఐదు మాత్రం అలాగే ఉంది. ఏళ్ళ తరబడి పూసిన జీడినూనె అట్టలు కట్టి ఉంటుందని గీకించాను. గీకినదాన్ని కొట్లో త్రాసు మీద తూస్తే రెండు కిలోలకు తక్కువే. ఉప్పు గాలికి భయపడి పూత మళ్ళీ వేయించాను.

మా ఆవిడ తమ్ముడు సింహాచలం మెకానిక్కు. నాతో లంక రావడానికి ఒప్పుకున్నది అతనొక్కడే. బండి ఎడమ పక్కకు రెండు వేళ్ళు వాలి ఉందని కనిపెట్టినదీ అతనే. ఆ పక్క బరువు మోసే కమాను మార్చాడు. మర్నాటికి మళ్ళీ రెండు వేళ్ళు వాలింది.

"బావా, నాకు తెల్సిన రోగం కాదిది," అన్నాడు.

ఆ రోజు నుంచి అతను ముందు సీట్లో కూర్చోవడం మానేశాడు. వెనకైతే హాయిగా ఉంటుందట. ఆ బండి వెనక సీట్లో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. నేనూ గుచ్చి గుచ్చి అడగలేదు. అడిగితే చెబుతాడేమోనని భయం.

బండి తోలుకుంటూ దక్షిణాన ఉన్న రేవుకు వెళ్ళాం. అక్కడి కాటా మీద కూడా 840. ఆర్సీ పుస్తకంలో ఒకటి, కాటా మీద ఒకటి ఉంటే కస్టమ్స్ అధికారి ఊరుకుంటాడా? తలుపుల లోపలి అట్టలు విప్పించాడు, సీట్లు పీకించాడు. ఏమీ దొరకలేదు. చివరికి, "తూగినంతే రాస్తాను" అని కార్నెట్‌లో 840 రాసి ముద్ర వేశాడు. అతను చేసింది న్యాయమే. నేనైనా అదే రాసేవాణ్ణి. ఏజెంటు కూడా ఆ తూకానికే కిరాయి కట్టాడు, ఇరవై ఎనిమిది వేలు. ఎంత బేరమాడినా ఎనిమిది వందల నలభైలోంచి ఒక్క కిలో తగ్గలేదు.

బండి ఓడలో, మేమిద్దరం విమానంలో లంక చేరాం. జాతర కొలంబోకు దక్షిణాన, సముద్రం ఒడ్డున ఒక పచ్చిక మైదానంలో జరిగింది. వందకు పైగా మోరిస్‌లు వచ్చి ఉంటాయి. గేటు దగ్గర ఒక ముసలాయన రిజిస్టరు పట్టుకుని మనిషికింతని వసూలు చేస్తున్నాడు. మాకు ముగ్గురి చీటీ రాశాడు. బేరమంటే నాకు భాష అడ్డం కాదు. వచ్చిన నాలుగు అరవ ముక్కలు, రెండు ఇంగ్లీషు ముక్కలు కలిపి పోట్లాటకు దిగాను. మేమిద్దరం, లెక్కపెట్టుకో అన్నాను. ఆయన వంగి, నా పక్క సీటు కేసి చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఒకరి డబ్బు వెనక్కిచ్చాడు. భోజనం పొట్లాలు మాత్రం అప్పటికే మూడు ఇచ్చేశాడు. అవి నేను వెనక్కివ్వలేదు. మూడోది సింహాచలం తిన్నాడు.

బండి వరసలో పెట్టి, మిగతా బండ్లు చూడ్డానికి వెళ్ళాం. రెండు గంటలు తిరిగాం. మా బండి కింద జీడినూనె పూత చూడ్డానికి జనం మోకాళ్ళ మీద కూర్చుంటున్నారని విని, గొప్పగా అనిపించి తిరిగొచ్చాను. దూరం నుంచే సింహాచలం ఆగిపోయాడు.

"బావా, ఎడం పక్క లేసిపోనాది," అన్నాడు.

వెళ్ళి వంగి వేళ్ళతో కొలిచాడు. రెండు పక్కలా సమానం. తలుపు వేసినది వేసినట్టే ఉంది, తాళం నా జేబులో ఉంది. సింహాచలం కాసేపు సముద్రం వైపు చూశాడు. ఆ తర్వాత నా దగ్గర తాళం తీసుకుని, ముందు తలుపు తీసి, ఆ సీట్లో కూర్చున్నాడు. మేం కాశీబుగ్గ నుంచి బయల్దేరాక అతను అక్కడ కూర్చోవడం అదే మొదలు.

తిరుగు ఓడకు తూయిస్తే 775. నా డబ్బులు పెట్టి మళ్ళీ తూయించాను. 775.

అప్పుడు మొదలైంది నా గుండెదడ. దెయ్యానికి కాదు, తోటకి. వెళ్ళేటప్పుడు కార్నెట్ పుస్తకంలో 840 అని ముద్ర ఉంది. వచ్చేది 775. బండి అదే కాదంటే మూడెకరాలూ పోతాయి. అమ్మ ముందు నవ్విన నవ్వు గుర్తొచ్చి, 775 చీటీని జేబులోంచి తీసి తీసి చూసుకున్నాను.

మన రేవులో అనుకున్నంతా అయింది. అధికారి రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి, "అరవై ఐదు కిలోలు అక్కడ ఏం దింపి వచ్చారు?" అని నెమ్మదిగా అడిగాడు. జవాబు నా నాలుక చివర ఉంది. చెబితే తోటతో పాటు నన్నూ ఎక్కడికి పంపుతారో తెలుసు కాబట్టి మింగేశాను. మూడు రోజులు బండి విప్పారు. ఇంజను నంబరు అదే, ఛాసిస్ నంబరు అదే, ఒక్క బోల్టు మారలేదు. మూడో రోజు ఆయనే దారి చూపించాడు. వెళ్ళేటప్పటి తూకం పొరపాటున పడిందని నేను రాసి సంతకం పెడితే ముద్ర వేస్తానన్నాడు.

కాశీబుగ్గ కాటా, నౌపడ కాటా, రేవు కాటా. మూడూ ఒకటే చెప్పాయి. మూడూ తప్పని రాయాలి. కొనేవాళ్ళతో ఎన్నో అబద్ధాలు ఆడిన వాణ్ణే. కాటా చెప్పినదాన్ని అబద్ధమని మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ అనలేదు. అయిదు నిమిషాలు ఆ కాగితం ముందు కూర్చున్నాను. సంతకం పెట్టాను. తోట పత్రాలు నెల తిరక్కుండా అమ్మ చేతికి వచ్చాయి.

ఊరు చేరాక బండి వేసుకుని టెక్కలి వెళ్ళాను. మాణిక్యమ్మ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. సూపర్‌వైజరు గారి బరువెంత ఉండేదమ్మా అని అడిగాను.

"నాకేటి తెలుసు బాబూ? ఆయన జల్మంతా ఉప్పు తూసినారు. ఆయన్ని ఎవులు తూసినారు?"

గుమ్మంలోకి వచ్చి కారుకేసి చూశారు.

"ఎక్కడ దిగిపోనారన్నావు?"

"జాతర దగ్గరేనమ్మా. సముద్రం పక్కన. మంచి గాలి."

"ఉప్పు మళ్ళున్నాయేటి అక్కడ?"

"నాకు కనబడలేదు."

"పోన్లే. కూసింత సుకపడతారు," అన్నారు. కొంగుతో మొహం తుడుచుకుని, ఒక్కసారిగా కోపం తెచ్చుకున్నారు. "నాతో ఒక్క మాట సెప్పీసి పోతే ఏటి పోయింది?"

నేను లేస్తుంటే, ఆయన కోసం నాకు ఎక్కువేమైనా ఖర్చయిందా అని అడిగారు. ఏమీ లేదమ్మా అన్నాను. అప్పటికి అదే మర్యాద అనిపించింది.

ఇన్నేళ్ళయింది. మెకానిక్కులను అడిగాను, కాటాలు రిపేరు చేసేవాళ్ళను అడిగాను. తలా ఒక కారణం చెప్పారు. ఒక్కటీ అరవై ఐదు కిలోలకు సరిపోలేదు. నాకైతే ఈ రోజుకీ తేలలేదు.

తేలింది ఖర్చొక్కటే. బండి ముప్పై ఎనిమిది వేలు. రిపేర్లు ఇరవై రెండు వేల ఐదు వందలు. ఓడ కిరాయి వెళ్ళడానికి ఇరవై ఎనిమిది వేలు, రావడానికి ఇరవై అయిదు వేల ఎనిమిది వందల ముప్పై మూడు. ఇద్దరి విమానం టిక్కెట్లు పదిహేడు వేలు. కార్నెట్, ఏజెంటు తొమ్మిది వేలు. తిండి, బస ఎనిమిది వేల ఆరు వందలు. రేవులో మూడు రోజులు బండి విప్పి బిగించినందుకు నాలుగు వేల నాలుగు వందలు. మొత్తం లక్షా యాభై మూడు వేల మూడు వందల ముప్పై మూడు. ఇందులో ఎవరిదో తెలియని అరవై ఐదు కిలోలకు, ఒకవైపు మాత్రమే, కిలోకి ముప్పై మూడు రూపాయల ముప్పై మూడు పైసల చొప్పున నేను కట్టిన కిరాయి రెండు వేల నూట అరవై ఆరు రూపాయల నలభై అయిదు పైసలు.