ఆమె ఎక్కిన గుట్టకు దారి

నా భార్య ముబారక్ అల్ కబీర్‌లో ఒక కువైటీ ఇంట్లో పదకొండేళ్లు పని చేసింది. నేను పక్కనే సబా అల్ సలేంలో ఇంకో ఇంట్లో డ్రైవర్‌ని. శుక్రవారాలు కలిసేవాళ్లం. పోయిన ఏడాది ఆమె జబ్బు చేసి చనిపోయింది. ఆమె ఫోన్ ఇప్పుడు నా దగ్గరుంది.

అందులో ఐర్లాండ్ ఫోటోలు కొన్ని ఉన్నాయి. ఇక్కడ పనిచేసేవాళ్లు ఇంటి యజమానురాలిని మామా అంటారు. ఆమె మామా కొడుకు అప్పట్లో ఐర్లాండ్‌లో డాక్టరు చదువుతుండేవాడు. ఒక వేసవిలో మామా కొడుకు దగ్గర ఆరు వారాలు ఉండటానికి వెళ్తూ వంటకని ఆమెను వెంట తీసుకెళ్లింది.

తిరిగి వచ్చిన శుక్రవారం ఆమె నాతో, "ఆడ ఒక గుట్ట ఎక్కినా" అంది.

"ఎవరితో?"

"ఒక్కదాన్నే."

నేను అక్కడ ఆగి అడిగి ఉండాల్సింది. ఆ వారం నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, గడువు ముగుస్తోంది, దాన్ని పొడిగించాల్సిన నా కఫీల్ ఊళ్లో లేడు. నేను ఆ గొడవ ఎత్తుకున్నాను. ఆమె విన్నది. గుట్ట సంగతి మళ్లీ చెప్పలేదు.

ఆమె నడిచినవన్నీ ఎవరో చెప్పిన పని మీద నడిచినవే. ఎవరూ పంపకుండా, ఎవరి కోసమూ కాకుండా ఆమె పోయిన చోటు నాకు తెలిసి అదొక్కటే. ఎట్లా పోయిందో తెలుసుకోవాలనుకున్నాను.

ఫోన్‌లో ఫోటోను పైకి జరిపితే అది తీసిన చోటు మ్యాప్ మీద చుక్కగా కనిపిస్తుంది. నాకు పనికొచ్చేవి రెండు. ఒకటి మామా కొడుకు ఉన్న ఇంటి కిటికీలోంచి తీసింది. రోడ్డు, దాని అవతల గుట్ట. మా ఊరి గుట్టల్లో సగం కూడా ఉండదు, రాయి లేదు, కింది నుంచి పై దాకా పొలాలే. రెండోది గుట్ట మీద తీసింది. అందులో గడ్డీ ఆకాశమూ తప్ప ఏమీ లేవు. రెంటికీ మధ్య గంటన్నర తేడా. ఆ గంటన్నర ఎటు నడిచింది?

నడక దారి చూపమని మ్యాప్‌ని అడిగాను. అది గుట్ట చుట్టూ రోడ్డు మీద తిప్పి, మొదలుపెట్టిన చోటికి దగ్గర్లోనే ఆపేసింది. గుట్ట మీదికి దారి లేదని దాని లెక్క.

డ్రైవర్ పనిలో సగం ఎదురుచూడటమే. పిల్లల స్కూలు ముందు బండి ఆపుకుని సాధారణంగా పుస్తకం చదువుతాను. ఆ నెలంతా మ్యాప్‌లో ఉపగ్రహం తీసిన ఆ గుట్ట చిత్రాన్ని చదివాను. నిండా ముదురు గీతలు. నాకు సంతోషమైంది. చలికాలంలో మా బాబాను, అంటే మా యజమానిని, ఎడారిలో గుడారాలకు తీసుకెళ్తుంటాను. అక్కడ నేల మీద గీత కనిపిస్తే ఎవరో పోయారని అర్థం. గీత ఉంటే దారి ఉన్నట్టే. వేలితో గీతల వెంట పోయి, కిటికీ చుక్క నుంచి పై చుక్కకు మూడు దారులు కనుక్కున్నాను.

శుక్రవారం బస్సెక్కి ఫహాహీల్ పోయి, అక్కడ టైలర్ పని చేసే నా స్నేహితుడికి చూపించాను. ఆయనది కోనసీమ. కత్తెర పక్కన పెట్టి ఫోన్ అందుకున్నాడు.

"ఇదిగో, ఇట్ల పోయి ఇట్ల ఎక్కింటాది," అన్నాను.

"ఇవి దారులేంటండి బాబూ! పొలం గట్లండి ఇవి. మీ సీమోళ్లకి గట్టంటే ఏం తెలుస్తుంది లెండి. నీళ్లుంటే కదా గట్టేసేది."

"నీళ్లు లేకున్నా మాకూ గెనాలు ఉండాయిలే సామీ."

"అయితే మరి అక్కగారు గట్టెక్కి నడుచుకుంటా వెళ్లిపోయుంటారండి. మేం బడికి అలాగే వెళ్లేవోళ్లం. పక్కన చేలో కాలెట్టేవంటే ఆ రైతు తాటతీసేసేవోడు."

నాకది సబబుగానే అనిపించింది. కానీ ఆయనే చిత్రాన్ని పెద్దది చేసి చూసి, "గట్టుకి నీడేంటండి?" అన్నాడు.

రోడ్డు మీది నుంచి తీసిన ఫోటోలు కూడా మ్యాప్‌లో ఉంటాయి. అవి తెరిచాం. గీత అనుకున్నది మనిషి కంటే ఎత్తున్న ముళ్లకంచె. పక్కపక్కనే పెరిగి అల్లుకుపోయిన చెట్లు, సందు లేదు.

"దీని మీద పిల్లి కూడా నడవదండి," అన్నాడు.

నేను దారులనుకున్నవన్నీ అడ్డాలు. రోడ్డు వెంట ఇంకా జరిపి చూశాం. రోడ్డు పక్కన కంచె ఒక్కచోటే తెగింది, అక్కడ ఇనుప గేటు ఉంది, అది మూసి ఉంది. మూసిన గేటు తోసుకుని వెళ్లే మనిషి కాదు ఆమె. పదకొండేళ్లున్న ఇంటికి కూడా గంట కొట్టే లోపలికి పోయేది.

"ఎందుకండీ ఇదంతా, ఆ మామానే అడిగెయ్యకూడదా?"

ఆమె పోయాక నేను ఆ ఇంటి వైపు వెళ్లలేదు. ఆ మాట ఆయనకు చెప్పలేదు. రెండు రోజుల తర్వాత, సాయంత్రం నమాజు అయ్యాక వెళ్లాను.

మామా నన్ను వంటింటి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, కొత్త పనిమనిషితో చాయ్ ఇప్పించింది. నా అరబిక్ అంతంత మాత్రం. గుట్ట అనడానికి మాట దొరక్క ఫోటో చూపించాను. ఆమె నవ్వింది.

"ఆ ఆవులు!" అంది.

"ఏ ఆవులు, మామా?"

"ఆ రైతు రోజూ పొద్దున పాలు పిండుకుని ఆవుల్ని రోడ్డు దాటించి ఆ గేటులోకి తోలేవాడు. మీ ఆవిడ రోజూ కిటికీలోంచి వాటిని లెక్కపెట్టేది. ఒకరోజు చూస్తే చివరి ఆవు వెనకాల మీ ఆవిడ! నా కొడుకు బూట్లు వేసుకుని! నేను అరిచాను. వినబడలేదో, విననట్టు పోయిందో."

"రైతు ఏమీ అనలేదా?"

"వాడేమంటాడు? ఆమె లోపలికి పోయేదాకా ఆగి, వెనక గేటు వేసుకుని వెళ్లిపోయాడు. తిరిగొచ్చేటప్పుడు గేటెక్కి దిగింది, వల్లాహి, ఆ వయసులో! మోకాళ్ల దాకా బురద. వంట ఆలస్యమైందని తిట్టాను." మామా ఫోటోను ఇంకోసారి చూసింది. "ఏం చూశావక్కడ అని అడిగాను. ఇంకో గుట్ట, మామా, అంది. అంతే."

నేను చాయ్ తాగి సెలవు తీసుకున్నాను. బండి తీయకముందే చిత్రం తెరిచాను.

గేటు లోపల నేల గోధుమరంగులో ఉంది. నెల రోజులుగా దాన్ని మరక అనుకున్నాను. అది గిట్టలు తొక్కిన నేల. అక్కడి నుంచి దారప్పోగుల్లాంటి గీతలు, తిన్నగా కాకుండా ఏటవాలుగా పోయి, పొలం మూలన మళ్లీ ఒక గోధుమరంగు దగ్గర కలుస్తున్నాయి. అది రెండో గేటు. ఆ పైన ఇంకొకటి. మా అత్తగారి ఇంట్లో ఎప్పుడూ పశువులుండేవి. నిటారు నేలను పశువు ఎట్లా ఎక్కుతుందో ఆమెకు నడక వచ్చినప్పటి నుంచి తెలుసు. మేం ఇద్దరం మగవాళ్లం అడ్డాల వెంట దారి వెతికాం. ఆమె వాటి జోలికే పోలేదు.

ఆ చిత్రం ఏ ఏడాది తీసిందో నాకు తెలియదు. అవి వేరే ఆవులు కావచ్చు. కానీ గేట్లు అక్కడే ఉన్నాయి కాబట్టి దారి అదే అయి ఉంటుంది.

పోగులు మూడో పొలంలో నీళ్ల తొట్టి దగ్గర ఆగిపోయాయి. అక్కడి నుంచి ఆమె చుక్క ఫోన్ మీద గోరంత దూరం. ఆ గోరంతలో ఏ గుర్తూ లేదు. ఆవులకు అంతకంటే పైకి పోయే అవసరం లేదు. ఆ కాస్త దూరం ఆమె వాటిని వదిలేసి నడిచింది. ఎటు వైపు నుంచో మామాకు కిటికీలోంచి కనిపించి ఉండదు, నాకూ కనిపించదు.

చిత్రాన్ని వేలితో పక్కకు జరిపాను. అవతల నిజంగానే ఇంకో గుట్ట ఉంది, దీనికంటే కొంచెం చిన్నది. దాని చుట్టూ కూడా ముదురు గీతలు. ఈసారి వాటిని వదిలేసి, గోధుమరంగు మచ్చ కోసం వెతకడం మొదలుపెట్టాను.