వాగుకు ఇరువైపులా

టువాటపెరె అనే ఊళ్లో నోలీన్ గురించి ఎవరినడిగినా ముందు ఆమె నోటి గురించి చెబుతారు, ఆ తర్వాతే చేతివంట గురించి. రంపం మిల్లు క్యాంటీన్‌లో ఏళ్ల తరబడి మగవాళ్లకు వండి పెట్టిన మనిషి. అన్నం పెట్టే చేత్తోనే నాలుగు పెట్టగలదని పేరు. మొగుడు డెస్ పోయాడు, ఆ మరుసటి ఏడు మిల్లు మూతపడింది. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవడం తన వల్ల కాదని, ఎండాకాలాల్లో కొండమీద కెస్ట్రల్ సరస్సు పక్కనున్న చెక్కబసకు కాపరిగా వెళ్లడం మొదలుపెట్టింది. నడకదారుల్లో వచ్చేవాళ్లు రాత్రికి అక్కడే తలదాచుకుంటారు. వాళ్లకు వాతావరణం చెప్పడం, పొయ్యిలోకి కట్టెలు కొట్టడం, మరుగుదొడ్లు కడగడం, బూట్లతో లోపలికి వచ్చినవాళ్లను తిట్టడం ఆమె పని. ఆఖరి పని మరీ ఇష్టంగా చేసేదని చెప్పుకునేవారు.

ఆమెకు ఒక తమ్ముడున్నాడు, మెర్విన్. ఒకే ఊళ్లో ఉంటూ ముప్ఫై ఏళ్లుగా అక్కతో మాట లేదు.

కారణం ఊరందరికీ తెలుసు. మెర్విన్‌కు బడి రోజుల నుంచీ ప్రాణస్నేహితుడు బెవన్. ఒక వసంతంలో బెవన్ జింకల వేటకని ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు. వానకి ఏరు పొంగి ఉంది. మెర్విన్ ఆ ఏరు దాటి వెతకడానికి బయలుదేరితే నోలీన్ అతని బండి తాళాలు లాక్కుంది. గుమ్మానికి అడ్డంగా నిలబడి, నన్ను తోసుకుని పోరా చూద్దాం అంది. మెర్విన్ తోయలేదు. ఏరు తగ్గాక పోలీసులు వెళ్లి చూస్తే బెవన్ ఒక బండచరియ కింద కాలు విరిగి పడి ఉన్నాడు. ప్రాణం లేదు. పడిన తర్వాత కనీసం ఒక రోజు బతికే ఉండి ఉంటాడన్నాడు డాక్టరు. ఆ ఒక్కమాట అక్కాతమ్ముళ్ల మధ్య గోడైపోయింది. తాను చేసింది తప్పని నోలీన్ ఎప్పుడూ ఒప్పుకోలేదు. అయితే ఆ తర్వాత వాన చప్పుడుకి హాయిగా నిద్రపోయిందీ లేదు.

భూమికి దక్షిణ కొసనున్న ఆ దేశంలో జనవరి అంటే నడి ఎండాకాలం. ఆ జనవరిలో ఒకరోజు పొద్దున్నే వాయవ్యం నుంచి గాలి లేచింది. ఆ గాలి వచ్చిందంటే వెనకాలే వాన ఉంటుంది. చూస్తుండగానే సరస్సు అవతలి శిఖరాలు మాయమయ్యాయి, కొండచరియల మీద అప్పటిదాకా లేని జలపాతాలు తెల్లటి దారాల్లా దిగాయి. మధ్యాహ్నానికి ఇద్దరు తడిసి ముద్దై బసలోకి వచ్చారు. ఆనా, హేమి అని కొత్తగా పెళ్లైన జంట. బూట్లతోనే లోపలికి వచ్చారు. నోలీన్ తిట్టడానికి నోరు తెరిచి, ఆనా మొహం చూసి ఆగిపోయింది.

వెనక ఇంకొకాయన ఉన్నాడని ఆనా చెప్పింది. పెద్దాయన. తుంటి నొప్పితో మెల్లగా నడుస్తున్నాడు. మీరు ముందు దాటెయ్యండి, వాగు పెరుగుతోంది అని తమని తరిమినంత పని చేశాడట. తాము దాటినప్పుడు నీళ్లు మోకాళ్లదాకా ఉన్నాయి. ఒడ్డెక్కి వెనక్కి చూసేసరికి నీళ్ల రంగు మారిపోయింది.

మనిషి ఎలా ఉంటాడని నోలీన్ అడిగింది.

"ఎర్రగళ్ల ఉన్ని చొక్కా. ఎడంచేతికి చూపుడువేలు సగమే ఉంది," అన్నాడు హేమి. "బసకాపరి పేరేంటని అడిగాడు. కింద బోర్డుమీద చూసిన మీ పేరు చెబితే, సంచీ ఎగేసుకుని మళ్లీ నడక సాగించాడు."

మిల్లులో తమ్ముడికి ఆ సగం వేలు పోయిన రోజు కట్టు కట్టింది నోలీనే. వాళ్లకు ఆ సంగతి చెప్పలేదు. రేడియో తీసి కింద పట్నానికి కబురు చేసింది. ఈ గాలిలో హెలికాప్టర్ లేవదన్నారు. సాయంత్రానికి గాలి మళ్లి దక్షిణ ధ్రువం వైపు నుంచి కొడుతుందనీ, మంచు బాగా కిందిదాకా పడుతుందనీ కూడా అన్నారు. తడి బట్టలతో ఉన్న ముసలివాడిని ఆ దక్షిణపు గాలి తాకితే ఏమవుతుందో ఒకరు చెప్పనక్కర్లేదు. వాగుకు ఆ పక్కన చెట్టన్నది లేదు. అంతా రాళ్లు, గుబురు గడ్డి.

పొయ్యి ఆరనివ్వొద్దని ఆనాకు చెప్పి, తాడు, టార్పాలిన్, పొడి స్లీపింగ్ బ్యాగు, ఫ్లాస్కు సర్దుకుని హేమిని వెంటబెట్టుకుని బయలుదేరింది. దారి దారిలా లేదు, అదీ ఒక వాగే అయింది.

సరస్సు నిండి పొర్లే చోట ఆ వాగు పుడుతుంది. అక్కడినుంచి కాస్త దూరం పారి, అంచు నుంచి కింది లోయలోకి దూకుతుంది. మామూలు రోజుల్లో పిల్లలు కూడా రాళ్లమీద గెంతుతూ దాటేస్తారు. ఆ మధ్యాహ్నం రాళ్లు కనిపించడం లేదు. నీటి అడుగున బండలు దొర్లుతున్న చప్పుడు కాళ్లకు తెలుస్తోంది.

అవతలి గట్టున మెర్విన్ నిలబడి ఉన్నాడు. నీళ్లు లాగేస్తే సంచీ వదిలెయ్యడానికి వీలుగా బకిల్స్ విప్పేసి, చేతికర్ర నీళ్లలో గుచ్చి లోతు చూస్తున్నాడు.

నోలీన్ అరిచింది. తన గొంతు తనకే వినపడలేదు.

అప్పుడు ఆమె చేతులు వాటంతటవే లేచాయి. మిల్లులో రంపాల హోరుకి ఎవరి మాటా ఎవరికీ వినిపించదు, అందుకే అక్కడి పనివాళ్లకు సైగల భాష ఉండేది. వాళ్ల నాన్న ఆ భాషను ఇంటికి తెచ్చాడు. అక్కాతమ్ముళ్లిద్దరూ భోజనాల దగ్గర అమ్మకు తెలియకుండా దాంతోనే పోట్లాడుకునేవారు. నోలీన్ అరచేతిని గొంతు ముందు అడ్డంగా కోసినట్టు ఊపింది. రంపం ఆపు అని దానర్థం.

మెర్విన్ తలెత్తి చూశాడు. కర్ర చంకన ఇరికించుకున్నాడు. తర్వాత చేతులతో చెప్పాడు. నీళ్లు ఇంకా పెరుగుతాయి. చలి. వచ్చేస్తున్నా.

ఆపు అని మళ్లీ చూపించింది. అతను తల అడ్డంగా ఊపి, నీళ్లలోకి దిగాడు.

రెండడుగులకే తొడలదాకా మునిగాడు. కర్ర వంగింది. మనిషి పక్కకి జరిగిపోతున్నాడు, అంచు వైపుకి. నోలీన్‌కు ఇక ఆలోచించే వ్యవధి లేదు. లాక్కోవడానికి తాళాల్లేవు, నిలబడ్డానికి గుమ్మం లేదు. ఆమె ఇవతలి నుంచి తానే నీళ్లలోకి దిగేసింది. వేలితో అతన్ని చూపించింది, తనని చూపించింది, రెండు పిడికిళ్లూ కలిపింది. దుంగను ఇద్దరూ ఒకేసారి ఎత్తాలని చెప్పే సైగ అది. నువ్వొస్తే నేనూ వస్తా.

నీళ్లు ఆమె మోకాళ్లను లాగేస్తున్నాయి. వెనకనుంచి హేమి ఆమె సంచీ పట్టీలు రెండు చేతులా పట్టుకుని ఏదో అరుస్తున్నాడు. ఆమె ఇంకో అడుగు వేసింది. కళ్లు మాత్రం తమ్ముడి మీదే ఉన్నాయి.

మెర్విన్ నీళ్ల మధ్య నిలబడి ఆమెనే చూశాడు. ఆ మొహంలో కోపం ఆమెకు స్పష్టంగా కనిపించింది. అదే మొహం, తాళాలు లాక్కున్న రోజుది. తర్వాత అతను అంగుళం అంగుళంగా వెనక్కి జరిగాడు. కర్ర కొట్టుకుపోయింది. గడ్డి దుబ్బులు పట్టుకుని గట్టెక్కి బోర్లా పడ్డాడు.

హేమి ఆమెను బయటికి లాగి, "మీకు పిచ్చి పట్టిందా ఏంటండీ?" అన్నాడు.

"వాడు నా తమ్ముడయ్యా," అంది నోలీన్.

తాడు చివర రాయి కట్టి హేమి విసిరాడు. మొదటిసారి వాగులో పడింది. రెండోసారి అందినట్టే అంది జారిపోయింది. మెర్విన్ చేతులు అప్పటికే మొద్దుబారాయి. చివరికి ఒక విసురు అతని కాళ్ల దగ్గర పడితే దానిమీద పడుకుని పట్టుకున్నాడు. టార్పాలిన్, స్లీపింగ్ బ్యాగు, ఫ్లాస్కు ఆ తాడుమీదే వెళ్లాయి. అతను ఒక పెద్ద బండ చాటున దూరాడు.

ఇక మిగిలింది కాచుకోవడమే. నోలీన్ వానలో రాయిమీద కూర్చుని అతన్ని నిద్రపోనివ్వలేదు. కాసేపటికోసారి చెయ్యెత్తేది, జవాబు వచ్చేదాకా దించేది కాదు. ఒకసారి ఎంతకీ జవాబు రాలేదు. ఆమె లేచి నిలబడి రెండు చేతులూ ఊపింది, హేమి ఈల వేశాడు, రాళ్లు విసిరాడు. టార్పాలిన్ కదలలేదు. హేమి ఆమె వైపు చూడటం మానేశాడు. అప్పుడు టార్పాలిన్ కిందనుంచి ఒక చెయ్యి బయటికొచ్చి ముక్కు పట్టుకుని లాగినట్టు చూపించింది. మేనేజరు వస్తున్నాడు జాగ్రత్త అని మిల్లులో దానర్థం. నోలీన్ ఏడుస్తూనే నవ్వేసింది.

సాయంత్రం దక్షిణపు గాలి కొట్టింది. వాన మంచు పలుకులైంది, తర్వాత అదీ ఆగింది. పైన చరియల మీద నీళ్లు గడ్డకట్టేసరికి వాగులోకి వచ్చే నీరు తగ్గింది. మునిగిన రాళ్లు ఒక్కొక్కటే తలలు బయటపెట్టాయి. ఇంకా వెలుగు ఉండగానే నోలీన్, హేమి చేతులు పెనవేసుకుని, అంచుకు దూరంగా, ఎగువన నడుములోతు నీళ్లు దాటారు. మెర్విన్ పెదాలు నీలంగా ఉన్నాయి. మాట ముద్దగా వస్తోంది. అతన్ని మధ్యలో పెట్టుకుని ముగ్గురూ ఒకే మనిషిలా తిరిగి దాటారు. అతన్ని అలాగే బసదాకా నడిపించుకొచ్చారు.

ఆనా పొయ్యి ఎర్రగా మండించి ఉంచింది. పొడి బట్టలు వేసి, చక్కెర దండిగా కలిపిన టీ చెంచాతో తాగించారు. వణుకు తగ్గాక మెర్విన్ కప్పు తనే పట్టుకున్నాడు.

"ఆ రోజు ఏరు దీనికంటే పెద్దదా అక్కా?" అన్నాడు.

"పెద్దదే."

అతను కప్పు కింద పెట్టాడు. "అయినా నేను దాటేవాణ్ణేమో. అప్పుడు వయసులో ఉన్నాను."

నోలీన్‌కు నాలుక చివరిదాకా జవాబు వచ్చింది. ఈ ఒక్కసారికి మింగేసింది.

"దాటేవాడివేమోరా," అంది.

తెల్లారాక అసలు సంగతి చెప్పాడు. బెవన్ వాళ్లమ్మ కిందటి చలికాలంలో పోయింది. ఆఖరి రోజుల్లో మెర్విన్‌ని పిలిచి, మీ అక్క ఎలా ఉందిరా అని అడిగిందట. తెలీదన్నాడు. నా కొడుకు పేరు చెప్పుకుని నువ్వు అక్కతో మాట్లాడకుండా ఉంటే నాకేం బాగోలేదు అని ఆవిడ మొహం తిప్పేసుకుందట. అప్పటినుంచి అతని కాలు నిలవలేదు. రోడ్డుమీదే కలవొచ్చు కదా, ఈ కొండెందుకెక్కావని నోలీన్ అడిగింది. ఊళ్లో అయితే నీ గుమ్మందాకా వచ్చి వెనక్కి పోతాను, ఇక్కడైతే పోవడానికి చోటుండదు అన్నాడు.

గాలి పడిపోయాక హెలికాప్టర్ వచ్చింది. నడిచే దిగుతానని మెర్విన్ మొండికేశాడు. తుంటి చూసుకోమని నోలీన్ అరిచింది, నీ పెత్తనం ఇంకా పోలేదని అతనూ అరిచాడు. పైలెట్ కాసేపు ఓపిక పట్టి, పోట్లాట అయ్యాక పిలవండి, నాకు ఇంధనం ఖర్చవుతోంది అన్నాడు. మెర్విన్ ఎక్కాడు.

ఎండాకాలం అయిపోయి బస మూసి నోలీన్ కిందికి దిగిన రోజు, సొంత ఇంటికి వెళ్లే మలుపు దాటి బండి ముందుకే పోనిచ్చింది. మెర్విన్ పెరట్లో కట్టెలు పేరుస్తున్నాడు. గేటు తీస్తూ, బురద బూట్లతో ఇంట్లోకి రావొద్దన్నాడు.